ముడుపు కట్టుటకు ముందు



తిరుమలేశుని దర్శించుకొని వెలుపలికి వచ్చు భక్తుడు తెల్లని వస్త్రము చుట్టిన కొప్పెర ముందర ఒక్క క్షణము ఆగును. వెనుకనుండి జనము త్రోయుచునే యుందురు. అతడు పసుపుబట్టలో కట్టి తెచ్చిన ముడుపును కన్నుల కద్దుకొని అందులో జారవిడుచును. ఆ మూట అడుగునకు చేరిన చప్పుడు ఆ గోవిందనామ ఘోషలో ఎవరికిని వినబడదు. ఇంటిలో ఎన్ని నెలలుగానో దేవుని పటము ప్రక్కన వ్రేలాడిన మ్రొక్కు తీరినది గదా అని అతని మనస్సు తేలికపడును. ఇట్టి తృప్తి మీలో అనేకులకు అనుభవమే. నాకును అనుభవమే.

ఆ పసుపుబట్టలోనికి రాకముందు ఆ ధనము ఎవరిది? ఈ ఒక్క ప్రశ్నను నేడు మీ ముందుంచదలచితిని. ఇది కొంచెము ఇబ్బందికరమైన ప్రశ్నయే. అయినను దేవుని ముంగిట అడుగక మరెక్కడ అడుగుదుము?

మన స్వామిని మనము మిక్కిలి చనువుతో పిలుచుకొను పేరు ‘వడ్డికాసులవాడు’. శ్రీవేంకటాచల మాహాత్మ్యమందలి కథ అందరు నెరిగినదే. లక్ష్మీదేవి అలిగి కొల్లాపురమునకు వెడలిపోయినది. లక్ష్మి లేని ఇంట ధనమెక్కడిది? ఆకాశరాజు పుత్రికను పరిణయమాడుటకు శ్రీనివాసుని చేతిలో చిల్లిగవ్వ లేదు. అప్పుడు కుబేరుని పిలిచి అప్పు అడిగినాడు. కుబేరుడు ఇచ్చినాడు గాని ఊరక ఇయ్యలేదు, పత్రము వ్రాయించుకొన్నాడు. బ్రహ్మరుద్రులును అశ్వత్థవృక్షమును సాక్షులట! అడిగినవాడు సర్వలోకేశ్వరుడు, ఇచ్చినవాడు ఆయన సృష్టిలో ఒక దిక్కునకు పాలకుడు. అయినను “నా సొమ్మును నీవద్ద ఉంచితిని, నా సొమ్మునకు నాకు పత్రమెందుకు?” అని స్వామి అనలేదు. వ్రాసి ఇచ్చినాడు. కలియుగము ముగియు వరకు వడ్డీ చెల్లించుచునే యుండునని మన పెద్దల విశ్వాసము.

ఈ కథను చెప్పుకొని, “దేవుడంతటివాడే అప్పు చేసి పెండ్లి చేసుకొన్నాడు, మనమెంత!” అని శక్తికి మించిన వివాహములను సమర్థించుకొనువారిని నేను స్వయముగా ఎరుగుదును. కథలో సగమును వినుట మనకు అలవాటు. అప్పు చేయుట ఆ కథలో ఒక పూట పని. తీర్చుట యుగమంతటి పని. స్వామి పేరు ఏ సగమునుండి వచ్చినదో ఆలోచింపుడు. అప్పు చేసినందుకు ఆయనను ఎవరును ‘అప్పులవాడు’ అనలేదు. కాసుకు కాసు వడ్డీ చెల్లించుచున్నందుకే ‘వడ్డికాసులవాడు’ అన్నారు.

మహాభారతమున అరణ్యపర్వమందు యక్షుడు ధర్మరాజును అనేక ప్రశ్నలు అడుగును. ఈ లోకమున సంతోషముగా నుండువాడెవడు అనునది వానిలో ఒకటి. ధర్మరాజు చెప్పిన సమాధానము యొక్క సారమిది: పగలు చాలవరకు గడచిన పిమ్మట వండుకొన్నది కూరాకే యైనను సరే, ఎవరికిని ఋణపడక, పరదేశమునకు పోవలసిన అవసరము లేక, తన ఇంట తాను తినువాడు సుఖి. ఈ మాట చెప్పినవాడెవడో మరువరాదు. రాజ్యమును, తమ్ములను, తన్ను, తుదకు ధర్మపత్నిని సైతము జూదమున ఒడ్డి, పన్నెండేండ్లు అడవులపాలైనవాడు. తనది కానిదానిని ఒడ్డినవానికి ఋణము లేని కూరాకు రుచి తెలిసినట్లు మరెవరికి తెలియును?

ఇచట ఒకరు నన్ను అడుగవచ్చును: “అప్పులసంగతి సరే, దేవునికై వ్యయము చేసినచో దోషమేమి? ఆ ధనము ఎవరిదైతేనేమి, చేరినది దేవునికే గదా!” దీనికి నేను సమాధానము చెప్పనక్కరలేదు. భద్రాచలమే చెప్పుచున్నది.

కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారు. ప్రజలవద్ద వసూలైన పైకముతో శ్రీరామునికి ఆలయము నిర్మించినాడు, నగలు చేయించినాడు. ఆనాటి గోలకొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా 1672 నుండి 1687 వరకు ఏలినవాడు. లెక్క అడిగినాడు. గోపన్న చెరసాల పాలైనాడు. పండ్రెండేండ్ల ఆ బాధలోనుండియే మనకు రామదాసు లభించినాడు. ఆయన భక్తిని శంకించు సాహసము నాకు లేదు. ఆయన కీర్తనలు వినుచు పెరిగినవాడను. అయినను కథ చివరను జాగ్రత్తగా చూడుడు. శ్రీరామచంద్రుడు చెరసాల తలుపులు బ్రద్దలు కొట్టి భక్తుని విడిపింపలేదు. తానీషా మనస్సు మార్చి పైకమును మాఫీ చేయింపలేదు. ‘నా గుడికే గదా ఖర్చు చేసినాడు’ అని వాదింపలేదు. లక్ష్మణునితో కూడి రామోజీ, లక్ష్మోజీ అను సేవకుల వేషమున రాత్రివేళ వచ్చి, రామమాడలు కుమ్మరించి, బాకీ అంతయు చెల్లించి, రసీదు పుచ్చుకొని పోయినాడని మనవారు చెప్పుకొందురు. భక్తుడు తన గుడికై వాడిన పరుల సొమ్మును దేవుడు తన మీద బాకీగా వ్రాసికొన్నాడన్నమాట! రసీదు అను చిన్న కాగితమును ఆ కథలో నిలిపిన మన పూర్వుల ధర్మబుద్ధికి నేను చేతులు జోడింతును.

ఇక పొదుపు మాట. మన యిండ్లలో పొదుపునకును పిసినారితనమునకును మధ్య గీత ఎక్కడనో తెలియక ఎందరో తికమకపడుచుందురు. ఖర్చు చేయనివాని నందరిని ఒక గాట కట్టివేయుదురు. భాగవతము పదునొకండవ స్కంధమున అవంతీ దేశపు బ్రాహ్మణుని కథ కలదు. వ్యవసాయము, వ్యాపారము చేసి మిక్కిలి ధనము కూడబెట్టినవాడు. చుట్టములను గాని అతిథులను గాని కనీసము మంచిమాటతోనైనను ఆదరింపలేదు. తాను కూడ కడుపునిండ తినలేదు. భార్యాబిడ్డలు, సేవకులు వానిని ద్వేషించిరి. కొంత దాయాదులు, కొంత దొంగలు, కొంత కాలము, కొంత రాజులు కొనిపోగా చేతిలో ఏమియు మిగులలేదు. అప్పుడు గాని వానికి కన్నులు తెరువలేదు. వాని దోషము కూడబెట్టుటలో లేదు. ఆ ధనము ఎవరి కొరకు అను ప్రశ్న ఒక్కనాడును వేసికొనకపోవుటలో ఉన్నది.

మా చిన్నతనమున పల్లెలో మా తల్లి ప్రతిదినము ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి ప్రక్కనున్న చిన్న కుండలో వేయుచుండెడిది. కరవు ఏడు వచ్చినను ఆ పిడికెడు తప్పలేదు. పిడికిలి మాత్రము కొంచెము చిన్నదయ్యెడిది. ఆ కుండలోని బియ్యము మా ఇంటివారు తినరాదు. గుడిలో ఉత్సవమునకో, వాకిటికి వచ్చిన సాధువునకో, ప్రొయ్యి వెలుగని ఇరుగింటికో పోవలసినదే. ముడుపు అనునదియు ఇట్టిదే. జ్వరము తగిలిన బిడ్డ తలవద్ద కూర్చుండి తల్లి ఒక రూపాయిని పసుపుబట్టలో కట్టును. ఆ క్షణమునుండి ఆ రూపాయి ఇంటిలోనే ఉన్నను ఆ ఇంటిది కాదు. మన చేతిలో ఉన్నది మనది కాకపోవచ్చునని ఇంత తేలికగా నేర్పు పాఠశాల మరియొకటి లేదు. బ్యాంకు పుస్తకములు రాకముందే మన స్త్రీలకు ఈ విద్య వచ్చును.

పోపుల డబ్బాలోను, బియ్యపు డబ్బా అడుగునను వారు దాచు సొమ్మును గూర్చి పురుషులు పరిహాసములాడుదురు. 2016 నవంబరులో 500, 1000 రూపాయల నోట్లు రద్దయినప్పుడు ఆ దాపరికములన్నియు ఒక్కసారిగా వెలుపలికి రావలసి వచ్చినది. “ఇంత దాచినావా!” అని ఆశ్చర్యపడిన భర్తలు కొందరు, కోపపడినవారు కొందరు. ఆ డబ్బు దేనికొరకు దాచినదో ఆమెను అడిగినవారు మాత్రము తక్కువ. అడిగియుండినచో కూతురి పురుటి ఖర్చు అనియో, కుమారుని పరీక్ష రుసుము అనియో, లేక ‘మీకేమైన జబ్బు చేసినచో’ అనియో సమాధానము వచ్చి యుండెడిది.

దేవుని ధనము సైతము పూర్వకాలమున ఊరక నేలమాళిగలో పడియుండలేదు. విజయనగర ప్రభువుల కాలమునాటి తిరుమల తిరుపతి శాసనములను చదివినవారికి ఒక ముచ్చట తెలియును. దాత నైవేద్యము కొరకు ఆలయ భాండాగారమున పైకము చెల్లించును. ఆ పైకముతో దేవస్థానపు గ్రామములలో చెరువులు బాగుచేయుదురు, కాలువలు త్రవ్వుదురు. నీరు పారి పంట హెచ్చును. హెచ్చిన పంటనుండి స్వామికి నిత్యము ఆ దాత పేర నివేదన జరుగును. ఆ ప్రసాదమున నాలుగవ భాగము దాతకు చెందునని కూడ శాసనములలో వ్రాసికొన్నారు. ఒక్క కానుకలో స్వామికి అన్నము, రైతునకు నీరు, దాతకు ప్రసాదము! చెల్లించిన పైకమెంత, కొలిచి పెట్టవలసిన బియ్యమెంత, నేయి యెంత అని అన్నియు రాతిమీద చెక్కించినారు. భక్తిలో లెక్క యేమిటని వారు సిగ్గుపడలేదు. నేటికిని హుండీ కానుకలను లెక్కించుటకు పరకామణి కలదు గదా! దేవుని ఇంటనే లెక్క ఉండగా మన ఇంట లెక్క వ్రాయుట అల్పత్వమని తలచువారిని చూచి నాకు నవ్వు వచ్చును.

ధనమును ఎట్లు పంచుకొనవలెనో భాగవతమున అష్టమ స్కంధమందు ఒక చక్కని ఏర్పాటు చెప్పబడినది. ధర్మమునకు ఒక భాగము, కీర్తికి ఒకటి, ధనము మరల వృద్ధి చెందుటకు ఒకటి, తన సుఖమునకు ఒకటి, తనవారికి ఒకటి. ఐదు భాగములు చేసికొన్న గృహస్థుడు ఇహమందును పరమందును సుఖించునట. ఎంత సమంజసమైన మాట! వృద్ధికి ఒక భాగమును పెట్టుమన్నారు, అది పొదుపు. తన సుఖమునకు కూడ ఒక భాగము ఉండవలెనన్నారు. కడుపు మాడ్చుకొనుట ధర్మము కాదు. ఈ మాట చెప్పినవాడు శుక్రాచార్యుడు. చెప్పినది బలిచక్రవర్తికి. ఎప్పుడు చెప్పినాడు? వామనునికి మూడడుగుల నేల ఇచ్చెదనని బలి నోట మాట వెలువడిన పిదప, ఆ మాటను వెనుకకు తీసికొమ్మని ఒప్పించుటకు చెప్పినాడు!

నా మట్టునకు ఈ ఘట్టము ఎన్నిమారులు చదివినను క్రొత్తగానే యుండును. గురువు చెప్పిన లెక్క తప్పు కాదు. చెప్పిన సమయము తప్పు. మాట యియ్యక పూర్వము ఐదు భాగములును ఆలోచింపవలసినవే. ఇచ్చిన పిదప ఆ సొమ్ము ఐదు భాగములలో దేనిలోను చేరదు, అది ఎదుటివానిది. బలి అదియే గ్రహించినాడు. అందుచేత రాజ్యమంతయు పోవునని తెలిసియు నీళ్ళధార విడిచినాడు. మన జీవితములకు దీనిని దించుకొన్నచో, నెల జీతమును భాగించుటకు ముందే అందులోనుండి ఇదివరకే మాట యిచ్చినవి తీసివేయవలెను. పనిమనిషి జీతము మాట ఇచ్చినదే. పచారీ కొట్టు పద్దు మాట ఇచ్చినదే. ఇంటి అద్దె, నెలవాయిదా, బడి రుసుము, చీటీపాట కంతు అన్నియు అట్టివే. అవి పోగా మిగిలినదే మన ధనము. పొదుపునకు గాని, దానమునకు గాని, ముడుపునకు గాని లెక్క అక్కడినుండి మొదలు కావలెను.

నేడు ఈ వరుస తారుమారగుట మునుపటికంటె సులువైనది. చేతిఫోనును వ్రేలితో తాకిన మాత్రమున సొమ్ము పోవుచున్నది, వస్తువు వచ్చుచున్నది. రూపాయి నోటును వ్రేళ్ళతో లెక్కించి ఇచ్చునపుడు కలుగు చిన్న నొప్పి ఇప్పుడు లేదు. ఆ నొప్పి ఒక మేలు చేయుచుండెడిదని నా అభిప్రాయము, వృద్ధుని ఛాందసమని నవ్వుకొన్నను సరే. వివాహమునకు లక్షలు వెచ్చించి, భోజనములు వడ్డించిన కూలీలకు తెల్లవారిన తరువాత రమ్మను ఇండ్లను నేను చూచినాను. వంటవాడు మూడుమారులు తిరిగినాడు.

మనుస్మృతి పదునొకండవ అధ్యాయమున, తనవారు దుఃఖముతో బ్రదుకుచుండగా పరులకు దానము చేయువాని ధర్మమును గూర్చి కఠినముగా చెప్పబడినది. అట్టి ధర్మము చూపునకు తేనె, రుచికి విషమట. ధర్మము కాదు, ధర్మము యొక్క వేషము. ఈ మాట మొదట చదివినపుడు ఎవరినో అనుచున్నారనుకొన్నాను.

ఇది ముప్పదియైదేండ్ల క్రిందటి మాట. కడప జిల్లాలో ఒక పల్లెలో నేను ఉపాధ్యాయుడను. మా పెద్ద కుమారునికి పుట్టువెంట్రుకలు తీయించుటకు కొండకు పోవలసియుండెను. బిడ్డ పుట్టినప్పుడు చిక్కి శల్యమై బ్రతుకునో బ్రతుకడో అన్న స్థితిలో 516 రూపాయలు ముడుపు కట్టుదునని మ్రొక్కుకొన్నాము. నెలకు కొంత కూర్చుచు వచ్చితిమి. మాకు దినమునకు అరలీటరు పాలు పోయు స్త్రీ యొకతె ఉండెడిది. అప్పుడు ఆ అరలీటరు రెండున్నర రూపాయలు. రెండు నెలలు ఆమెకు పైకము ఇయ్యలేదు. ముడుపు నిండవలెను గదా!

ఆమె మూడుమారులు అడిగినది. మూడవమారు వాకిట నిలువబడి, “అయ్యవారూ, ఎనుముకు తవుడు కొనాల. చేతిలో దుడ్డు లేదు. రెండు నెలలదీ ఇప్పిస్తే పున్నెముంటాది” అన్నది.

“కొండకు పోయి వచ్చినాక చూద్దాంలేమ్మా. దేవుని పని ముందు” అంటిని. ఆ మాట ఎంత ధీమాతో అంటినో నాకిప్పటికిని జ్ఞాపకము. ఆమె తల ఊపి పోయినది. దేవుని పని అన్న తరువాత ఆమె ఏమనగలదు?

కొండకు పోయి, తలనీలాలు సమర్పించి, ముడుపు చెల్లించి, మూడు దినములకు తిరిగి వచ్చితిమి. మరునాడు ఉదయమున ఆమె రాగా నా భార్య లడ్డు ప్రసాదము ఇచ్చినది. ఆమె రెండు చేతులతో అందుకొని కన్నుల కద్దుకొన్నది. “సామి పెసాదం మాకూ తెచ్చినారా, చల్లగుండండ” అని, కొంచెమాగి, “రేపటి సంది పాలకు ఇంకో తావు చూసుకోండమ్మా. ఎనుమును మొన్న సంతలో అమ్మేసినాము” అన్నది.

ఆ మాటలో కోపము లేదు. ఉండియుండినచో నాకు కొంత తేలికగా ఉండెడిది. లోనికి పోయి 150 రూపాయలు తెచ్చి ఇచ్చితిని. ఆమె అరుగుమీద కూర్చుండి నెమ్మదిగా లెక్కించుకొన్నది. చెంగుముడి విప్పి ఏడున్నర రూపాయలు తీసి నా ముందుంచినది.

“ఇదేమమ్మా?” అంటిని.

“మీరు కొండకు పోయిన మూడు నాళ్ళూ పాలు పోయలేదు గదా అయ్యవారూ” అన్నది.

ఆనాడు నేను స్వామికి చెల్లించిన 516 రూపాయలలో 150 నావి కావు. ఆమె గేదె తవుడువి. ముడుపు విప్పి ఆమెకు ఇచ్చి యుండవలసినదా అని కొందరు మిత్రులు నాతో వాదించినారు. కట్టిన ముడుపును విప్పరాదని పెద్దలు చెప్పుదురు, నేను కాదనను. కాని ఆ పసుపుబట్టలో నోట్లు పెట్టునపుడే ఇది ఎవరిదని నేను అడిగియుండినచో విప్పవలసిన అవసరమే రాకపోయి యుండును. స్వామి నన్ను తొందరపెట్టలేదు. యుగాంతమువరకు గడువు పెట్టుకొన్న ఋణగ్రస్తుడు మరియొక ఋణగ్రస్తుని తొందరపెట్టునా? ఇంకొక నెల ఆగియుండినచో ఆయన కేమియు లోటు లేదు. ఆ నెల ఆగలేనిది గేదె.

ఆ ఏడున్నర రూపాయలను నా భార్య ఖర్చు పెట్టలేదు. మరియొక పసుపుబట్ట తీసి అందులో కట్టి, దేవుని ముడుపు వ్రేలాడు మేకునకే తగిలించినది. నాటినుండి మా ఇంట రెండు మూటలు. జీతము రాగానే పాలు, పచారీ, పనిమనిషి, చాకలి పద్దుల సొమ్మంతయు ఆ రెండవ మూటలో పడును. అది ఖాళీ అయినగాని మొదటి మూటలో రూపాయి పడరాదు. కొన్ని నెలలు మొదటి మూటలో ఏమియు పడలేదు. ఒక ఏడు కొండకు పోనేలేదు.

మొన్న మనుమరాలి పుట్టువెంట్రుకలకు అందరము బయలుదేరుచుండగా నా భార్య కోడలిని పిలిచి, “అన్నీ అయినాయా అమ్మా?” అని అడిగినది. సామానులను గూర్చి అడుగుచున్నదని తలచి నా కుమారుడు సంచులు లెక్కపెట్టనారంభించినాడు. కోడలికి అర్థమైనది. చేతిఫోను తెరచి చూపి, “పాలవాడికి, పనమ్మాయికి, కిరాణా కొట్టుకు పంపేశాను అత్తయ్యా. ఇస్త్రీ అతనికి ఫోను లేదు, చేతికే ఇచ్చి వచ్చాను” అన్నది.

అప్పుడు మేకుమీదనుండి ముడుపు దించినారు.